రేణుక పాదములు కాలిన నేల

మహాభారతమున ఆనుశాసనిక పర్వమునందు ధర్మరాజు భీష్ముని అడిగిన ప్రశ్నలలో, చూచుటకు చిన్నదై చాలదూరము పోవు ప్రశ్న యొకటి కలదు. శ్రాద్ధాది కర్మలయందు గొడుగును చెప్పులను దానమిచ్చు ఆచారమును మొదట ఎవరు ప్రవర్తింపజేసిరి, దానికి కారణమేమి, అని. అంపశయ్యపై నున్న తాత అందుకు జమదగ్ని కథ చెప్పెను. జ్యేష్ఠమాసపు మిట్టమధ్యాహ్నమున జమదగ్ని వేడుకకై వింట బాణములు తొడిగి విడుచుచుండగా, విడిచిన ప్రతి బాణమును భార్య రేణుక పరుగెత్తి తెచ్చి యిచ్చుచుండెను. ఒకమారు ఆమె రాక ఆలస్యమైనది. నెత్తియు పాదములును మాడిపోవుచుండగా చెట్టునీడను క్షణకాలము నిలిచితినని ఆమె చెప్పగానే ఋషి కోపము సూర్యుని మీదికి తిరిగినది. ఎక్కుపెట్టిన ఆ బాణమునకు వెరచి భానుడు బ్రాహ్మణ రూపమున వచ్చి, కొంత వాదించి, పిదప శరణువేడి, ఒక గొడుగును ఒక జత తోలుచెప్పులను ఇచ్చి పోయెను. సూర్యుడు తన వేడిమిని తగ్గించుకొనలేదు, నేల చల్లబడలేదు, ఋషికి ఆట మానుదమని తోచనే లేదు. అన్నియు ఉన్నచోటనే యుండగా, కాలికిని నేలకును నడుమ తోలుముక్క యొకటి వచ్చి చేరినది.

ఆ రేణుకయే మనకు ఎల్లమ్మ. జనగామ చుట్టుపట్ల గాని, జనులు నేటికిని మానుకోట యనియే పిలుచుకొను మహబూబాబాదు సీమలో గాని, భూపాలపల్లి అడవి యంచు పల్లెలలో గాని ఎల్లమ్మ గుడి లేని ఊరు అరుదు. ఆమెకు బోనమెత్తుకొని పోవు ఆడువారి కాళ్లకు చెప్పులుండవు. ఎవరి పాదములు కాలుట వలన లోకమున చెప్పులు పుట్టినవో, ఆమె సన్నిధికే చెప్పులు విడిచి పోవలసి వచ్చినది. ఇది వట్టి విచిత్రమేనా, లేక దీనిలో ఆలోచింపదగిన దేదైనను కలదా? పాదమునకు సౌఖ్యము కూర్చుట ధర్మసాధనమా, ధర్మమునకు విఘ్నమా? వైద్యుడు ‘ప్రతిదినమును నడువుము, మంచి బూట్లు కొనుక్కొనుము’ అని చీటీ వ్రాసి యిచ్చిన ఈ కాలపు గృహస్థునకు సైతము, దుకాణమున కూర్చుండి ధర చూచిన వెంటనే, ‘నా తాత చెప్పులు లేకయే పదిక్రోసులు నడిచినాడు గదా, నాకింత సుకుమార మెందుకు’ అను సంకోచము కలుగుచున్నది. ఆ సంకోచము లోభమో వైరాగ్యమో తేల్చుకొనుట అంత సులభము గాదు.

శాస్త్రము ఈ విషయమున ఒక్కమాట మీద నిలువలేదు. గురుకులమున నున్న బ్రహ్మచారికి గొడుగును చెప్పులును నిషిద్ధములు. అదే బ్రహ్మచారి విద్య ముగించి స్నాతకుడైన నాడు, సమావర్తన కర్మలో, మంత్రపూర్వకముగా అతనికి చెప్పులు తొడిగించి గొడుగు చేతికిత్తురు. నగ్నపాదము ఒక శిక్షణము. దానికి మొదలున్నట్లే తుదియు కలదు. ఆ తుదియందు చెప్పులే బహుమానము. కాళిదాసు కుమారసంభవమున, ఆకులు తినుట సైతము మానివేసి తపించుచున్న పార్వతి యెదుటికి బ్రహ్మచారి వేషమున వచ్చిన శివుడు ఆమె నడుగు తొలిప్రశ్నలలో ఒకటి, శక్తికి తగినంతగానే తపించుచున్నావా, అని. ధర్మమునకు తొలిసాధనము శరీరమే గదా యని జ్ఞాపకము చేయును. శ్మశానవాసియైన దేవుని నోట ఈ మాట పలికించుట కవి చమత్కారము.

అయినను ఈ ప్రశ్నను నేలమీదికి దించి, తోలు ఎన్ని పొరలుండవలెనో కూడ నిర్ణయించి చెప్పిన గ్రంథమొకటి కలదు. అది బౌద్ధుల వినయపిటకము. అందు మహావగ్గమున ఒక అధ్యాయమంతయు తోలును గూర్చినదే. చంపానగరమున సోణకోళివిసుడను శ్రేష్ఠిపుత్రు డుండెను. అరికాళ్లలో రోమములు మొలచునంతటి సుకుమారుడగుటచే, ఆ వింతను చూడవలెనని బింబిసారుడు వానిని పిలిపించుకొనెనట. అట్టివాడు భిక్షువై, రాజగృహమున శీతవనమునందు చంక్రమణము చేయుచు, అనగా ధ్యానపూర్వకముగా ముందునకును వెనుకకును నడచుచు, పాదములు పగిలి నడకదారి యంతయు నెత్తురు మడుగగునంతవరకు నడచెను. ఇంత చేసినను ఫలము కానరాక, ఇంటికి మరలిపోయి దానధర్మములు చేసికొందునా యని తలపోయుచుండగా బుద్ధుడు వచ్చి అడిగినది సంగీతమును గూర్చి: గృహస్థుగా నున్నప్పుడు నీవు వీణ వాయించెడివాడవు గదా, తంత్రులు మిక్కిలి బిగించిన పలికినదా? మిక్కిలి వదలు చేసిన పలికినదా? ఈ వీణ కథ లోకప్రసిద్ధము. దాని తరువాతి భాగమును చెప్పువారు తక్కువ. నీవు సుకుమారుడవు, ఒంటిపొర చెప్పులు తొడుగుకొనుమని బుద్ధుడు అతనికి అనుజ్ఞ యిచ్చెను. సోణుడు ఒప్పుకొనలేదు. ఎనుబది బండ్ల బంగారమును, ఏనుగుల గుంపును విడిచి వచ్చిన నేను ఇప్పుడు చెప్పుల జతకు ఆసపడితినని లోకము నవ్వును. సంఘమున కంతకును ఇచ్చిన నేనును తొడుగుదును, అనెను. బుద్ధుడు సంఘమున కంతకును అనుమతించెను.

నేను ఈ ఘట్టమును చదివిన ప్రతిసారియు ఆగిపోవునది సోణుని సమాధానము కడనే. పాదము పగిలినది అతనిది, నొప్పి అతనిది, అయినను ఉపశమనము తనకొక్కనికే వచ్చుట అతనికి సమ్మతము గాలేదు. చెప్పు అను వస్తువు ఆ క్షణమున భోగము గాక హక్కు అయినది. పిమ్మట బుద్ధుడు హద్దులును గీసినాడు: అంతటను నీలివి, పసుపువి, ఎఱ్ఱనివి కూడదు, పొట్టేలి కొమ్మువలె ముందు భాగము వంపు తిరిగినవి, నెమిలి యీకలు కుట్టినవి కూడదు, టకటక చప్పుడుచేసి పరుల ధ్యానమును చెఱచు కఱ్ఱపావలు కూడదు. కాలు పగిలినవాడు, ఆనెకాయలు లేచినవాడు మాత్రము ఆరామమున సైతము తొడుగుకొనవచ్చును. ఇరువదియైదు శతాబ్దుల నాడే, కాలికి కావలసినది వేఱు, కంటికి కావలసినది వేఱు అని ఇంత స్పష్టముగా విడదీసిన వారుండిరి. ఈనాడు రంగు పట్టీలును వెనుక దీపములును గల బూట్లను చూచినప్పుడెల్ల నాకు ఆ నెమిలి యీకలు మెదలును.

అదే అధ్యాయపు చివర మన దేశభాగమున కొక సడలింపు కూడ దొరకినది. అవంతి దక్షిణాపథమున నేల నల్లనిది, గరుకైనది, పశువుల గిట్టలు పడి గట్టిపడినది, అక్కడి భిక్షువులకు ఒంటిపొర చాలదని విన్నవింపగా, ఆ ప్రాంతములకు పెక్కుపొరల చెప్పులను బుద్ధుడు అనుమతించెను. ఎండకాలమున నెఱ్ఱెలు విచ్చి, పశువు అడుగు పడిన గుంట గుంటగానే గట్టిపడిన రేగడి చేనిలో ఒక్కసారి నడిచినవారికి ఈ సడలింపు ఎంత న్యాయమో వేఱుగ చెప్పనక్కరలేదు. నియమము నేలను చూచి మారినది, మనిషి గొప్పను చూచి గాదు.

ఇక చెప్పునందలి అశుచిత్వమును గూర్చి. జనగామ జిల్లా పాలకుర్తి, గుట్టమీది సోమేశ్వరునకును, తన వాడని చెప్పుకొను సోమనాథ కవికిని ప్రసిద్ధము. ఆ సోమనాథుడు బసవపురాణమున కీర్తించిన భక్తులలో కన్నప్ప యొకడు. అడవిదారుల నరిగిన చెప్పుతోనే ఆ వేటగాడు శివుని తల తాకిన కథ శంకరులంతటివారిని కరగించినది; శివానందలహరిలో ఒక శ్లోకమంతయు దానికే కేటాయింపబడినది; దారి పట్టిన చెప్పు పశుపతి అంగమునకు కూర్చ, అనగా దర్భల కట్ట, యైనదట. శివుడే ఏనుగుతోలు కప్పుకొన్నవాడు. గుడిలో మ్రోగు మృదంగమునకు, ఊరేగింపున మ్రోగు డప్పునకు ముఖము తోలే. కావున తోలు అపవిత్రమగుటచే చెప్పులు గుడి వెలుపల విడువవలెనను వాదము నాకు నిలుచునట్లు కనబడదు. బాటలోని మట్టిని గుడిలోనికి మోయరాదనుట ఒక కారణము, అది చాల సామాన్యమైనది; నన్ను కాపాడు సాధనమును ఈ గడప కడ నేనే విప్పివేసి వచ్చుచున్నాను అను సమర్పణభావము రెండవ కారణము, అది చాల ఉన్నతమైనది. ఈ రెండును తోలు మీద గాని, దానిని కుట్టిన చేతి మీద గాని దోషము మోపుటలేదు. ఆ దోషము మోపినది మనము. చెప్పు కుట్టినవానిని ఊరి వెలుపల నుంచి, అతని డప్పును మాత్రము గుడి ముంగిటికి పిలుచుకొన్న సంఘము, కన్నప్ప కథను వినుచు కన్నీరు కార్చుట ఎట్టి భక్తియో తెలియదు.

సమర్పణ యనునది ఉన్నవానికే సాధ్యము. ఈ మాటను పాలకుర్తి పరిసరముల చరిత్ర ఎంత కఠినముగ బోధించెనో మఱి యే గ్రంథమును బోధింపలేదు. ఆ చుట్టుపట్ల గ్రామములు నిజాము పాలనలో విసునూరు దేశముఖు చేతిలోనివి. వెట్టిచాకిరి నాళ్లలో తోలుపని చేయు కుటుంబములవారు దొరకు చెప్పులను, మోట బొక్కెనలకు కావలసిన తోలును, కాడి పట్టెడలను వెల లేకుండ చేసి యిచ్చుకొనవలసి యుండెను. గడీ ముందునుండి పోవు దిక్కులేని జనము చెప్పులు చేతబట్టుకొని గాని, అసలు లేకుండ గాని పోవలసి యుండెను. అదే నేల, అదే నగ్నపాదము, అదే వంచిన తల. గుడి గడప కడ చెప్పు విడిచినవాడు లోనికి పోయి బయటికి వచ్చి మరల తొడుగుకొనును. గడీ కడ విడిచినవానికి బయటికి వచ్చుట అనునది లేదు. చూచువానికి రెండును ఒకటే వినయముగ దోచును గాని, మొదటిది వ్రతము, రెండవది దోపిడి. ఆ పాలకుర్తిలోనే చాకలి ఐలమ్మ తాను సాగుచేసిన పొలముకొఱకు, పండిన వడ్లకొఱకు దొరను ఎదిరించి నిలిచినది. ఆ సీమలోనే కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమరయ్య నేలకొరగినాడు. ఈ తెలంగాణ రైతుల పోరాటమును గూర్చి వ్రాయువారు భూమిని గూర్చి వ్రాయుట సహజము. నేను మాత్రము ఆ భూమిమీద పడిన పాదములను గూర్చియు ఆలోచించుచుందును. చెప్పు తొడుగుకొని తలయెత్తి దొర యెదుట నడచుట ఒక తరమువారికి గడ్డిపోచంత విషయము గాదు.

కావున చెప్పు లేని నడకను పవిత్రమని పొగడుటకు ముందు, అది ఎవరి యిష్టముపై జరుగుచున్నదో అడుగవలెను. మేడారపు జాతరలో కన్నెపల్లి నుండి సారలమ్మను తెచ్చు పూజారుల దారిలో, సంతానము కోరువారు తడిబట్టలతో నేలకు బోర్లపడి వరము పట్టుదురు. పూజారులు వారి వీపులమీదుగ అడుగు లేసికొనుచు పోవుదురు. అక్కడ ఆ పాదము నగ్నముగ నుండుటయే న్యాయము. బూటు తొడిగిన కాలు ఆ వీపు మీద పడుట ఊహింపరానిది. ఆ అడుగునకు దేవత బరువున్నది. అట్లే శివరాత్రికి కురవి వీరభద్రుని కడకు కాలినడకన పోవువాని పట్టుదలను గాని, మండలకాలము అయ్యప్పదీక్షలో నల్లబట్టలతో చెప్పులు లేక తిరుగువాని నిష్ఠను గాని తక్కువ చేయుట నా యుద్దేశము గాదు.

అయితే ఒక్కటి చెప్పక తీరదు. మధుమేహము ముదిరినవారి పాదములకు స్పర్శ తగ్గిపోవును. ముల్లు దిగినను, కాలిన బండ తగిలినను తెలియదు. నొప్పి యనునది శరీరమునకు కావలివాడు, ఆ కావలివాడే లేనిచోట చిన్న గాయము పుండై, పుండు మానక, వ్రేలిని, ఒక్కొక్కప్పుడు కాలినే తీసివేయు స్థితికి తెచ్చును. తపస్సు నొప్పిని ఓర్చుకొనుటలో నున్నది. నొప్పియే తెలియనివాడు ఓర్చుకొనుచున్నది ఏమి? అట్టివాడు నిప్పువంటి తారురోడ్డుపై చెప్పులు లేక నడచుటలో సాహసము కూడ లేదు, అజాగ్రత్త మాత్రమే యున్నది. అట్టివారికి ఎంసీఆర్ అను మెత్తని రబ్బరు చెప్పులు వాడుమని, ప్రతిరాత్రియు అరికాలును అద్దములో చూచుకొనుమని వైద్యులు చెప్పుదురు. కాలు పగిలిన భిక్షువునకు ఆరామమున సైతము చెప్పులు అనుమతించిన బుద్ధునకు ఈ చీటీలో తప్పు కనబడియుండదు.

హితోపదేశమున సంతుష్టిని చెప్పుతో పోల్చిన భావమొకటి కలదు: చెప్పు తొడిగినవానికి భూమియంతయు తోలు పరచినట్లే గదా యని. శాంతిదేవుడును బోధిచర్యావతారమున దాదాపు అదే మాట చెప్పి, లోకమును మార్చలేవు, నీ మనస్సును కాపాడుకొనుము, అనును. అందమైన ఆలోచనయే, కాని మనస్సునకు పోలికగా చెప్పు ఎంతగా పనికివచ్చినను, ఆ పోలిక అర్థమగుటకు ముందు వినువాని కాలికి చెప్పుండవలెను, అదియు కఱవని చెప్పుండవలెను. తత్త్వవేత్తలు దుకాణము వఱకు రారు గనుక అక్కడి సంగతి మనమే చూచుకొనవలెను.

ఒక్క పాదమున ఇరువదియారు ఎముకలున్నవి. అవి కమానులుగా పేర్చబడి, మడమ నేలను తాకినపుడు బరువును ఓర్చి, వ్రేళ్ల మొదలు వంగినపుడు దేహమును ముందునకు త్రోయును. నడకకు పనికివచ్చు బూటు ఈ పనికి అడ్డుపడక తోడుపడవలెను. దానిని చేతిలోనికి తీసికొని మడమ వెనుకభాగమును బొటనవ్రేలితో నొక్కి చూడుము. అది అట్టముక్కవలె కుంగిపోయిన యెడల మడమను పట్టి యుంచలేదు. రెండు కొసలు పట్టి వంచుము. వ్రేళ్ల మొదలుండు చోట వంగవలెను గాని, నడుమ రెండుగా మడతపడు బూటు కమానును ఆదుకొనదు. బట్ట పిండినట్లు మెలిపెట్టుము. సులభముగ మెలి తిరుగరాదు. సాయంకాలమున కొనుట మంచిది, పగలంతయు తిరిగిన పాదము కొంత ఉబ్బియుండును గనుక. సాక్సుతోనే తొడిగి, నిలుచుండి, రెండు పాదములలో పెద్దదానికి సరిపోవునట్లు, పొడవైన వ్రేలి ముందు బొటనవ్రేలి వెడల్పంత చోటు మిగులునట్లు చూచుకొనవలెను. వాడగా వాడగా సాగునని దుకాణదారుడు చెప్పును. బూటు సాగుటకు ముందు నీ కాలు పుండగును. తొలిదినము నుండియే కఱవనిదే నీది. అడుగున మెత్త ఎంత లావుంటే అంత మేలనుకొనుటయు భ్రమయే. అతిమెత్తని దానిలో కాలు నిలకడ తప్పును. సోణుని వీణ ఇక్కడను ఉన్నది. భూపాలపల్లి గనులలోనికి దిగు సింగరేణి కార్మికునికి ముందు గట్టి తొడుగుండి రాయి పడినను ఓర్చు బూటు కావలెను. ఆ బూటుతో ఉదయపు నడక శిక్షయే యగును. ధర పెరిగిన కొలది గుణము పెరుగుట కొంత దూరమే; ఆ పైన పెరుగునది పేరు.

మన ఊళ్లలో ఉదయమున మైదానమునకు వచ్చు ఆడువారిని చూడుడు. పురుషుడు బూట్లు తొడిగియుండును. ఆమె అరిగిన హవాయి చెప్పులతో, ప్రతి అడుగునకు వ్రేళ్లు ముడిచి చెప్పు జారకుండ పట్టుకొనుచు నడచును. మోకాలి నొప్పి ఆమెకే ఎక్కువ. అడిగిన, చీర క్రింద బూట్లేమిటి, నలుగురు నవ్వుదురు, అనును. సోణుని భయమును ఇదే, లోకము నవ్వునని. అయితే అతడు కోటీశ్వరుడై యుండి విడిచినవాడు, ఆమె ఏనాడును పొందనిది. మానుకోట సీమలో మిర్చి ఏరుటకు, పత్తి తీయుటకు తెల్లవారకముందే బయలుదేరువారి సంగతి ఇంకను వేఱు. ఆరోగ్యమునకై నడచుమని వారికి ఏ వైద్యుడును చెప్పనక్కరలేదు, మన అందరికంటె వారే ఎక్కువ నడచుచున్నారు, మన అందరికంటె పలుచని అట్టలతో.

ఇక్కడ మన గృహస్థులు ఒక దానము చేయుదురు. తమ బూట్లు అరిగిపోగానే ఇంట పని చేయువారికి ఇచ్చివేయుదురు. అరిగిన బూటును తిరగవేసి చూచిన, మడమ ఒకవైపు ఎక్కువ తరిగి, లోపలి అట్టమీద ఇచ్చినవాని వ్రేళ్ల గుంటలు పడియుండును. అతని నడక యంతయు దానిలో అచ్చుపడినది. ఆ గుంటలలో మఱియొకని వ్రేళ్లు ఇమిడినను, ఆ వాలు మీద అతని మోకాలు వంగిపోవును. విడిచిన పెక్కుపొరల చెప్పులను వాడుకొనుటకు బుద్ధుడు భిక్షువులకు ఒప్పుకొన్న మాట నిజమే. సర్వమును విడిచినవాని మాట వేఱు. మనువు మాత్రము ఒకరు తొడిగిన చెప్పులను మఱియొకరు తొడుగరాదని శాసించెను. అతని కారణము నాకు తెలిసిన కారణము గాకపోవచ్చును, అతనికిని నాకును పొసగు చోట్లు మిక్కిలి తక్కువ. ఇది వానిలో ఒకటి. ఇయ్యదలచినవాడు, పనిమనిషిని దుకాణమునకు పిలుచుకొనిపోయి ఆమె కాలి కొలతకే క్రొత్తవి కొనునుగాక.